ముందు చక్రం తిరగనంటోంది

మొన్న ఆఫీసు నుంచి రాగానే సెంటర్ స్టాండ్ వేసి, వెనక మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి ముందు చక్రం తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదు. డిస్కు చెయ్యి పెట్టలేనంత వేడి. రోజూ మా పాపను బడికి దింపే బండి మరి! మెకానిక్ చక్రం ముట్టుకోకుండానే "ప్యాడ్లు, బేరింగులు మొత్తం మార్చేద్దాం సార్" అన్నాడు. లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ కొట్టే బాపతన్నమాట.

ఇంటికొచ్చి కాలిపర్ విప్పి పక్కన పెట్టా (అప్పుడు బ్రేక్ లివర్ నొక్కకండి, పిస్టన్ బయటికొచ్చేస్తుంది). చక్రం గిర్రున తిరిగింది. అంటే బేరింగుల తప్పేం లేదు. మళ్ళీ బిగించి, లివర్ నొక్కి వదిలి, చక్రం పట్టేసి ఉండగా బ్లీడ్ నిపుల్ కాస్త వదులు చేశా. చక్రం వదిలేసుంటే పైన ఎక్కడో ఆయిల్ వెనక్కెళ్ళే దారి పూడినట్టు. వదల్లేదు. కాబట్టి గొడవంతా కాలిపర్లోనే. చూస్తే స్లైడ్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాశా, అంతే. అన్నట్టు, డిస్కుకి ప్యాడ్ కొంచెం రాసుకోవడం మామూలే, సైకిల్ చక్రంలా తిరగాలనుకోకండి.

అతన్నే తప్పు పట్టలేను. గంటసేపు వెతికితే అతనికి పైసా రాదు, పార్టు అమ్మితేనే వస్తుంది. మనకి మాత్రం బగ్ దొరక్కపోయినా జీతం పడుతుంది! ఈసారి వెతికినందుకే విడిగా డబ్బులిస్తానని చెప్పి చూస్తా.