తెప్ప ఎవరిది, తెడ్డు ఎవరిది?

కొలువు మానుకుంటానన్నవాణ్ణి మనవాళ్ళు అనే మాటల్లో అన్నిటికన్నా పదునైనది "ఏరు దాటి తెప్ప తగలేశాడు" అన్నది. అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేస్తూ, కొత్త యజమాని వేసిన అర్జీ ఇంకా తేలకముందే పాత కొలువుకు రాజీనామా ఇచ్చినవారిలో ఈ మాట పడనివాడు అరుదు. 2006లో నేనూ పడ్డాను. ఆ మాటలోని అన్యాయం ఏమిటో చెప్పడానికే ఈ టపా.

ఊరూ పేరూ చెప్పను. అదొక చిన్న కన్సల్టెన్సీ. యజమాని తెలుగువాడు, నన్ను "తమ్ముడూ" అనే పిలిచేవాడు. ఉగాదికి ఇంటికి రమ్మని పచ్చడి పెట్టేవాడు. క్లయింటు దగ్గర గంటకు 68 డాలర్లు పుచ్చుకుని నాకు 38 ఇచ్చేవాడు. వ్యాపారం వ్యాపారమే కనుక దాన్ని నేను తప్పుపట్టలేదు. మరో కంపెనీ నా తరఫున అర్జీ వేసి, రసీదు చేతికి వచ్చిన తరువాతనే, రెండు వారాల గడువుతో రాజీనామా ఇచ్చాను.

ఆ సాయంత్రానికే వరస మారిపోయింది. చివరి నెల జీతం ఆగిపోయింది. పదివేల డాలర్లు కట్టకపోతే ఇమిగ్రేషన్ వాళ్ళకు ఉత్తరం రాస్తానన్నాడు. అంతటితో ఆగక మా ఊరికి ఫోను చేసి, మా నాన్నగారితో "మీవాడు చేసిన పని ఏమీ బాగాలేదండీ" అన్నాడు. ఆ రాత్రి నాన్నగారు నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగారు: "ఎవరి ఉప్పు తిని ఎవరికి ద్రోహం చేశావురా?"

పదివేల డాలర్ల కన్నా ఆ ప్రశ్నే బరువుగా తోచింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు జవాబు ఉంది, ఆయన లేరు.

మొదటి సంగతి. హెచ్-1బి అర్జీ ఉద్యోగికి యజమాని పెట్టే భిక్ష కాదు. అర్జీదారు యజమానే. తనకు ఈ పనికి ఈ మనిషి కావాలని ప్రభుత్వాన్ని అడిగేది అతడే. ఆ ప్రాంతంలో ఆ పనికి చెల్లే వేతనానికి తగ్గకుండా ఇస్తానని కార్మిక శాఖకు ముందుగా మాట రాసి ఇచ్చేదీ అతడే. తన అవసరం కోసం తాను వేసుకున్న అర్జీని ఉద్యోగి మెడలో కృతజ్ఞతాభారంగా వేలాడదీయడం ఏ నీతి?

రెండవ సంగతి. అర్జీ నడుస్తుండగా మారడం చట్టం కళ్ళు గప్పడం కాదు, చట్టం తెరిచి ఉంచిన తలుపులోంచి నడవడం. 2000లో అమెరికా కాంగ్రెసు చేసిన ఏసీ-21 చట్టంలోని 105వ సెక్షను ఆ తలుపు. దేశంలో చట్టబద్ధంగా ఉంటూ, అనుమతి లేని పని ఏదీ చేయని హెచ్-1బి ఉద్యోగి తరఫున, అతని గడువు ముగియకముందే కొత్త యజమాని సక్రమమైన అర్జీ దాఖలు చేస్తే చాలు. అది తేలేదాకా ఆగకుండానే అతడు కొత్త పనిలో చేరవచ్చు. ఒకే యజమాని గుమ్మానికి మనిషిని కట్టివేయకూడదనే ఆ సెక్షను పుట్టింది.

మూడవ సంగతి, జరిమానా. గడువుకు ముందే మానుకున్నాడన్న కారణంతో హెచ్-1బి ఉద్యోగి నుంచి యజమాని జరిమానా వసూలు చేయరాదని 1998 నాటి సవరణ స్పష్టంగా చెబుతోంది. నిజంగా కలిగే నష్టానికి తగినట్టుగా ముందే ఒప్పుకున్న పరిహారం వేరు. అది న్యాయమైనదా కాదా అన్నది ఆయా రాష్ట్ర చట్టాలను బట్టి తేలుతుంది. చేసిన పనికి జీతం ఎగవేయడానికి మాత్రం ఏ చట్టమూ ఒప్పుకోదు. ఇక ఉత్తరం రాస్తానన్న బెదిరింపు చూడండి. ఉద్యోగి మానుకున్న సంగతి ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయడం యజమాని ఎలాగూ చేయవలసిన విధి. విధిని కత్తిలా చూపించి భయపెట్టాడన్నమాట! నేను భయపడ్డాను కూడా. ఏడాదిలోగా కార్మిక శాఖకు ఫిర్యాదు చేసుకోవచ్చునని తెలియక ఆ నెల జీతం వదులుకున్నాను. అది ఔదార్యం కాదు, అజ్ఞానం.

"నీమీద అంత ఖర్చు పెట్టాడు కదా, అతని నష్టం మాటేమిటి?" అని అడిగే పెద్దలున్నారు. రెండేళ్ళపాటు గంటకు 30 డాలర్లు మిగుల్చుకున్నవాడి ఖర్చు ఏనాడో తీరిపోయింది. తెప్ప అతనిదే కావచ్చు. తెడ్డు వేసింది నేను. రేవు రుసుము గంట గంటకూ నా చెమటలోంచే వసూలైంది.

ఇంకొక ముచ్చట. గడువు లోపల ఉద్యోగిని తానే తీసేస్తే, అతడు స్వదేశానికి తిరిగి వెళ్ళడానికి అయ్యే సహేతుకమైన ప్రయాణ ఖర్చు యజమాని భరించాలి. ఉద్యోగి తనంత తాను మానుకుంటే ఆ బాధ్యత లేదు. అందుకే తీసేయదలచుకున్న రోజున "నువ్వే రాజీనామా ఇచ్చెయ్, నీకే గౌరవం" అనే ఆప్యాయత పుట్టుకొస్తుంది. మనం ఇస్తే ద్రోహమైన రాజీనామా, వాళ్ళు అడిగితే గౌరవమవుతుంది!

అయితే తగవు యజమానులతోనే కాదు, మన కుర్రాళ్ళతోనూ ఉంది. ఫోనులో "ఆఫర్ ఖాయం" అన్న ఒక్క మాట విని, అర్జీ దాఖలు కాకుండానే కాగితం విసిరి వచ్చేవారిని నేను ధీరులనలేను. ఒకప్పుడు అలా మానుకున్నవాడికి ఒక్కరోజు గడువైనా ఉండేది కాదు. 2017 జనవరి 17న అమలులోకి వచ్చిన నియమం గరిష్ఠంగా 60 రోజులు ఇచ్చింది. వీసా స్థితి గడువు అంతకన్నా ముందే ముగిస్తే అంతవరకే. రసీదుతో చేరినవాడికీ ముప్పు లేకపోలేదు. కొత్త అర్జీ తిరస్కరిస్తే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. వీలైనవారు ప్రీమియం ప్రాసెసింగ్ అడగండి, 15 పనిదినాల్లో స్పందన వస్తుంది. ఆమోదం చూసుకుని రాజీనామా ఇవ్వండి. జాగ్రత్త వేరు, బానిసత్వం వేరు.

ఈ భయం మనవాళ్ళలో ఇంత లోతుగా పాతుకుపోవడానికి కారణముంది. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకుండా గ్రీన్ కార్డులు పంచే పద్ధతి వల్ల భారతీయుల నిరీక్షణ ఏళ్ళూ పూళ్ళూ సాగుతుంది. నిరీక్షణ ఎంత పొడవో యజమాని చేతిలోని తాడూ అంత పొడవు. 2025 సెప్టెంబరులో, దేశం వెలుపల ఉన్నవారి కోసం వేసే కొత్త అర్జీలపై లక్ష డాలర్ల చెల్లింపు విధిస్తూ అధ్యక్షుడి ప్రకటన వెలువడింది. అలాంటి రోజుల్లో "నిన్ను ఇక్కడికి తెచ్చింది నేనే" అన్న మాటకు గొంతు ఇంకా పెరుగుతుంది. ఆ తాడుకు మనం అన్న, తమ్ముడు అన్న వరసల రంగు పూసి మురిసిపోతున్నాం. వరస కలిపినవాడు నెల జీతం ఎగ్గొట్టడు. ఎగ్గొట్టినవాడు వరస కలిపింది మన మీద ప్రేమతో కాదు.

నాన్నగారికి నేను చెప్పుకోవలసిన జవాబు ఇదే: నేను తిన్నది నా కష్టం తాలూకు ఉప్పు. ద్రోహం నేను చేయలేదు.

మీలో ఎవరైనా ఇప్పుడు రసీదు చేతిలో పెట్టుకుని రాజీనామా రాయడానికి తటపటాయిస్తూ ఉంటే, కాగితం ఇవ్వడానికి ముందు ఒక పని చేయండి. ఇంటికి ఫోను చేసి, జరగబోయేది ఇదీ అని మీ నాన్నగారికి మీరే చెప్పండి. యజమాని ఫోను అంతకన్నా ముందు వెళ్ళకూడదు.