అమ్మ చేతికి కాస్త పని

అమ్మ మా దగ్గరికి వచ్చేసి రెండేళ్లు దాటింది. నాన్న పోయాక గోదావరి పక్క ఊళ్లో ఒక్కర్తినీ ఉంచలేక, ఇంటికి తాళం వేసి హైదరాబాద్ తీసుకొచ్చేశాం. వచ్చిన రోజే చెప్పేశాను, ‘నువ్వింక ఏ పనీ ముట్టుకోకు. డెబ్భై ఆరేళ్లొచ్చాయి, హాయిగా టీవీ చూసుకో’ అని. కూర తరగబోతే చాకు లాక్కునేదాన్ని. పొయ్యి దగ్గరికొస్తే ‘నేను చూసుకుంటాగా’ అనేదాన్ని. అమ్మని బంగారంలా చూసుకుంటున్నానని నా నమ్మకం. బంధువులూ అదే అనేవారు.

మొన్న వేసవిలో ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ ఫోన్లో పిన్నితో మాట్లాడుతోంది. ‘నాకేమే, మహారాణిలా ఉన్నా. లేవడం, పెట్టింది తినడం, మళ్లీ పడుకోవడం. ఎందుకు బతికున్నానో నాకే తెలీదు’ అంటోంది. నవ్వుతూనే అంది. నేను మాత్రం చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఆ ఆదివారం ఓ పెట్టె రసాలు తెచ్చి అమ్మ ముందు పెట్టాను. ‘తాండ్ర పెడదామమ్మా, నాకు రాదు’ అన్నాను. నిజంగానే రాదు. చిన్నప్పుడు పళ్లేలు నాకడం వరకే నా వంతు. ‘ఇప్పుడా? ఈ అపార్ట్‌మెంట్లోనా? ఆత్రేయపురం తాండ్ర బజార్లోనే దొరుకుతోందిగా’ అంది. అంటూనే ఓ పండు తీసి, ముచ్చిక దగ్గర వాసన చూసి, ‘వీటిలో సగం ఇంకా మాగాలి. పండినవి ఇటు తియ్యి’ అంది. ఒప్పేసుకుందన్నమాట.

అమ్మ కుర్చీలో, మేం ముగ్గురం వంటింట్లో నేల మీద. పళ్లు కడిగి, తుడిచి, ముచ్చిక తీసి సొన కార్చేయడం మా వారి పని. నేనూ, ఇంటర్ చదివే మా అబ్బాయీ రసం పిండి, పల్చటి బట్టలో వడకట్టి పీచు తీశాం. కిలో రసానికి పావు కిలో పంచదార. బెల్లం కూడా వేసుకోవచ్చు గానీ రంగు ముదురుతుందట. అడుగు మందంగా ఉన్న గిన్నెలో కాస్త ఉడికించి, చల్లార్చి, నెయ్యి రాసిన పళ్లేల్లో పల్చగా పోసి, పైన పల్చటి గుడ్డ కట్టి డాబా మీద పెట్టాం. రోజుకో పొర. ఏ రోజు రసం ఆ రోజే పిండాలి.

‘ఒకేసారి మందంగా పోసేస్తే పోలా అమ్మమ్మా?’ అన్నాడు మా వాడు. ‘పైన తోలు కడుతుందిరా, లోపల తడి ఉండిపోయి పులిసిపోతుంది. వేలితో నొక్కితే అంటుకోకూడదు, అప్పుడే రెండో పొర’ అంది. తడి తగ్గి, తీపి చిక్కబడితే బూజుకీ సూక్ష్మజీవులకీ బతకడానికి నీరు దొరకదు. నిలవ ఉండటంలో కిటుకు అదే. వాడు పుస్తకంలో చదివింది అమ్మకి బొటనవేలికి తెలుసు.

పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ అమ్మ లిఫ్టులో డాబా మీదకి. అక్కడ వడియాలు ఎండబెట్టుకునే మూడో అంతస్తు ఆవిడతో స్నేహం కుదిరింది. రెండేళ్లలో అమ్మకి ఈ ఊళ్లో దొరికిన మొదటి స్నేహితురాలు ఆవిడ.

ఐదో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి, గాలివాన. ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తదు. గుండె దడదడలాడుతూ ఇంటికొస్తే, కరెంటు లేదు. భోజనాల బల్ల మీద నాలుగు పళ్లేలు. పక్కన అమ్మ, తడిసిన చీరతో ఆయాసపడుతూ. లిఫ్టు ఆగిపోతే రెండు అంతస్తులు మెట్లెక్కి, ఆవిడ సాయంతో మోసుకొచ్చిందట. ఐదో పళ్లెం తడిసిపోయింది. ‘పడితే ఏమయ్యేది? తాండ్ర పోతే పోయేది!’ అని అరిచేశాను. అమ్మ తల తుడుచుకుంటూ, ‘ఇలా ఆయాసపడి రెండేళ్లయిందే. బాగుంది’ అంది.

నాకింక మాట రాలేదు.

తొమ్మిది పొరలయ్యాక అమ్మే ముక్కలు కోసింది. మొదటి ముక్క మూడో అంతస్తుకి.

ఆ తర్వాత మేమిద్దరం కొన్ని ఒప్పందాలు చేసుకున్నాం. మెట్లు ఒంటరిగా ఎక్కదు. ఒకసారి స్టవ్ ఆపడం మర్చిపోయింది గనక ఎవరూ లేనప్పుడు వెలిగించదు. కూరలు తరగడం, పెరుగు తోడెయ్యడం, పచ్చళ్ల లెక్కలూ మాత్రం తనవే. నేను వేలు పెట్టను. అప్పుడప్పుడూ పోట్లాడుకుంటాం. పర్లేదు, పోట్లాడే అమ్మే నాకు ముద్దు.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే ఒక్కసారి చూడండి. విశ్రాంతి పేరుతో వాళ్ల చేతుల్లోంచి ఏమేం లాగేసుకున్నామో. వాళ్లు చేయగలిగేది ఏదో ఒకటి వాళ్లకే వదిలేయండి. కాస్త వంకరగా తరిగినా కూర కూరే కదా!

కార్తీకంలో ఉసిరికాయ పచ్చడట. జాడీ కొనమని ఇప్పట్నుంచే ఒకటే పోరు.