సిక్కోలు బడికీ ఒక గ్రహశకలం

1861 ఏప్రిల్ 17న మద్రాసు అబ్జర్వేటరీలో నార్మన్ పోగ్సన్ ఒక గ్రహశకలాన్ని పట్టుకున్నాడు. ఆయన ఇంగ్లండు నుంచి వచ్చి అప్పటికి కొన్ని నెలలే. ఆసియా ఖండం నుంచి దొరికిన మొదటి గ్రహశకలం కాబట్టి దానికి ‘ఏషియా’ అని పేరు పెట్టాడు.

అది ఎంత ఉంటుంది? పటం మీద విజయనగరం నుంచి శ్రీకాకుళానికి స్కేలు పెట్టి కొలిస్తే ఎంత దూరం వస్తుందో, ఇంచుమించు అంత. అడ్డంగా సుమారు 58 కిలోమీటర్లు. సూర్యుడికి సగటున 36 కోట్ల కిలోమీటర్ల దూరంలో, మూడు ముప్పావు ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. 1866లో పోగ్సన్‌కే దొరికిన సిల్వియా ఇంకా పెద్దది, 52 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. దానికి రెండు బుల్లి చందమామలున్నట్టు 2005లో తేలింది. ఇద్దరు చంద్రులున్నట్టు తెలిసిన మొట్టమొదటి గ్రహశకలం అదే! 1885లో ఆయనకే వెరా అనే గ్రహశకలం దొరికాక, మరొకదాని కోసం మన దేశం వందేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. 1988లో తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో రాజమోహన్ కనుగొన్న 4130వ గ్రహశకలానికి రామానుజన్ పేరు పెట్టారు.

మద్రాసు మాట మనకెందుకు అనుకోనక్కర్లేదు. అప్పుడు సిక్కోలు (శ్రీకాకుళం) గంజాం జిల్లాలోది, విజయనగరం విశాఖ జిల్లాలోది, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీవే. పైగా పోగ్సన్ రాకముందే ఉత్తరాంధ్ర ఆకాశం వైపు చూసింది. గోడే వెంకట జగ్గారావు మద్రాసు వెళ్లి అక్కడి అబ్జర్వేటరీలోని టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840 ప్రాంతంలో విశాఖ డాబా గార్డెన్స్‌లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టించాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచే గమనించి నమోదు చేశాడు. ఈ మామా అల్లుళ్ల పేర్లు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? తెలియకపోవడం పిల్లల తప్పు కాదు.

పోగ్సన్ కాలంలో గ్రహశకలాన్ని పట్టడమంటే నక్షత్ర పటాన్నీ ఆకాశాన్నీ పోల్చి చూడటమే. పటంలో లేని చుక్క కనిపిస్తే, అది జరుగుతుందా లేదా అని రాత్రుళ్లు కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పటికీ కిటుకు అదే, పనిముట్టు మారింది. హవాయి దీవుల్లోని పాన్-స్టార్స్ టెలిస్కోపు ఆకాశంలో ఒకే చోటును కొన్ని నిమిషాల తేడాతో ఫొటోలు తీస్తుంది. వాటిని ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబరేషన్ అనే సంస్థ బడిపిల్లలకు ఉచితంగా పంపుతుంది. ఫొటోలను కంప్యూటర్లో ఒకదాని వెంట ఒకటి తిప్పి, కదిలే చుక్కను గుర్తించి నివేదిక పంపాలి. ఖాయం కావడానికి ఏళ్లు పట్టవచ్చు. 2020లో సూరత్‌కు చెందిన ఇద్దరు పదో తరగతి అమ్మాయిలు ఇలాగే ఒకదాన్ని గుర్తించారు.

సూరత్ అమ్మాయిలు చేసింది పలాస, బొబ్బిలి, చీపురుపల్లి పిల్లలూ చేయగలరు. కావలసింది కంప్యూటరు, నెట్టు, వెంట కూర్చునే ఒక సైన్సు మాస్టారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యాధికారులు ఈ ఏడాది మండలానికి ఒక ఉన్నత పాఠశాలనైనా ఇందులో చేర్చాలి.