పంటల పొలిమేరకు కావలి యేది?

సికింద్రాబాదు రైలుదారి వెంబడి నడచువారికి వయ్యారిభామ మొక్కను వేఱుగ చూపనక్కరలేదు. తెల్లని చిన్నిపూలతో సొగసుగా కన్పట్టు నీ కలుపు మన నేలది కాదు. అమెరికానుండి దిగుమతియైన ధాన్యముతో వచ్చినదని శాస్త్రజ్ఞుల తలంపు. 1950వ దశకము నడుమ పూనాలో కానవచ్చి దేశమంతయు నిండినది. ముట్టినవారికి దురద, పీల్చినవారికి ఉబ్బసము, రైతునకు కలుపుకూలి! నాడు రేవులో జల్లెడ పట్టియున్న తప్పెడి యనర్థము నేడెన్ని కొడవండ్లకును లొంగుట లేదు.

ఇది పాతకథ యని యూరకుందమా? నల్ల తామరపురుగు నిన్నటి కథ. ఆగ్నేయాసియాకు చెందిన యీ పురుగు 2015లో బెంగుళూరున బొప్పాయిపై కనుగొనబడినది. 2021లో ఖమ్మము, వరంగల్లు, గుంటూరు ప్రాంతముల మిరపపై విరుచుకుపడినది. పూతలో దాగి పూతనే రాల్చు నా పురుగునకు మందులు చల్లి చల్లి విసిగి, రైతులు తోటలనే పెరికివేసిరి. నడుమ ఆరేండ్ల వ్యవధి యుండెను. ఆ యారేండ్లును కావలివారెచ్చట నుండిరని మేమడుగుచున్నాము. జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ మన రాజేంద్రనగరముననే యున్నది. విద్యకు కొదువ లేదు. అది పల్లెకు వేళకు చేరు దారియే కొరవడినది.

పరదేశముల జాగ్రత్త చూడుడు. 2013లో మన సరకు 207 మారులు పురుగుతో పట్టుబడగా, ఐరోపా సమాఖ్యవారు 2014 మే 1 నుండి మన మామిడిని, వంగ, కాకర, పొట్ల, చేమలను నిషేధించిరి. మామిడికి తలుపు మరల తెరచుట 2015 జనవరిలో. ఇది అన్యాయమని గగ్గోలు పెట్టినవారు గలరు. మేమట్లనము. తన పొలిమేర తాను కాచుకొనుట ప్రతి జాతికిని హక్కు. 1951 నాటి అంతర్జాతీయ సస్యరక్షణ ఒడంబడిక యొప్పుకొన్నదియు నదియే. దోషము మన గంపలో నుండగా తనిఖీదారును నిందింపనేల?

మఱి మన చట్టమేది? 1914లో పరప్రభుత్వము చేసిన వినాశకర క్రిమికీటకముల చట్టము! దిగుమతులను శాసించు 2003 నాటి ఉత్తరువునకును ఆధారమదియే. 2013లో లోకసభకు వచ్చిన వ్యవసాయ జీవభద్రత బిల్లు మరుసటి యేట సభతోపాటే గతించెను. పురుగు విమానమెక్కి వచ్చుచుండ, కావలివాడు నూరేండ్ల నాటి దుడ్డుకఱ్ఱతో నిలుచుట స్వరాజ్యమునకు తగునా?

వర్తకము వలదని మేమనము. సరకు తెచ్చువానికి లాభము, పురుగు వచ్చిన రైతునకు నష్టము అను నీ పద్దు మారవలెనందుము. రేవులయందు పరీక్షకులను పెంపవలెను. క్రొత్త పురుగు కనబడిన వారములోపల పల్లెపల్లెకు చాటింపు వేయింపవలెను. దిగుమతిదారులనుండి సుంకము గైకొని నష్టపడిన రైతులకు నిధి కూర్పవలెను. పట్టణవాసులకు దీనితో పనియేమందురా? బోయినపల్లి అంగడిలో మిరపకాయల ధర యడిగి, పిదప మీ ప్రతినిధులను ప్రశ్నింపుడు. చెఱువు తెగిన పిమ్మట పరుగెత్తుట కాదు, తెగకముందే కట్టకు మట్టి వేయుట ప్రభుత్వధర్మము.