విండోస్ 10 గడువు అయిపోయింది: మన షాపుల్లో, ఇళ్లలో కంప్యూటర్లు లైనక్స్‌కి మారాలా?

కాణిపాకం గుడికి పోయే రోడ్డులో జిరాక్సు, ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే ఒక చిన్న షాపును ఊహించుకోండి. ఇలాంటివి చిత్తూరులో, పలమనేరులో, పుంగనూరులో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. పొద్దున ఒక భక్తుడు ఆధార్ ప్రింటు తీయించుకుంటాడు. తర్వాత ఒక పెద్దావిడ పింఛను పని మీద వచ్చి బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ చేయిస్తుంది. మధ్యాహ్నం ఒక కుర్రాడు స్కాలర్‌షిప్ అప్లికేషన్ నింపించుకుంటాడు. సాయంత్రం ఇంకొకరు పెళ్లి పత్రిక కంపోజింగ్‌కి వస్తారు, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. ఇవన్నీ జరిగేది ఒకే కంప్యూటర్ మీద. ఏడెనిమిదేళ్ల కిందట కొన్నది, విండోస్ 10 మీద నడుస్తున్నది.

మన వైపు ఏ తగాదా వచ్చినా 'కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?' అని అడుగుతారు. ఆధార్ కాగితం షాపులో ఇచ్చేటప్పుడు మాత్రం ఎవరూ ప్రమాణం అడగరు. నమ్మి చేతికిచ్చేస్తారు. ఆ నమ్మకానికి ఇప్పుడు ఒక ఇబ్బంది వచ్చిపడింది.

అసలు ఏం జరిగింది?

2015 జులైలో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేసింది. అంటే కంప్యూటర్ ఆ రోజుతో ఆగిపోయిందని కాదు. ఆన్ అవుతుంది, ప్రింట్లు వస్తాయి, అన్నీ మామూలుగానే ఉంటాయి. కానీ కొత్తగా ఏదైనా లోపం బయటపడితే దాన్ని సరిచేసే సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా ఇక రావు. తలుపు ఉంది, తాళమూ ఉంది. ఆ తాళానికి మారు తాళంచెవి దొంగ చేతికి చిక్కితే తాళం మార్చేవాడు లేడు.

విండోస్ 11కి మారదామంటే పాత మెషీన్లు చాలావరకు ఒప్పుకోవు. దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది ఉండాలి. మన షాపుల్లో తిరిగే సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లలో ఎక్కువ శాతం మూడో, నాలుగో, ఆరో తరానివి. మెషీన్ బాగానే ఉంది, పని బాగానే చేస్తోంది, కానీ కంపెనీ లెక్కలో దాని ఆయుష్షు అయిపోయింది.

'మన ఊరికి ఎవడొస్తాడు?'

'మన చిన్న షాపును హ్యాక్ చేసి ఎవడేం చేసుకుంటాడన్నా?' అనేది చాలామంది మాట. దీనికి జవాబు మన జిల్లాలోనే ఉంది. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయాల్లోనూ కొన్ని కంప్యూటర్లకు అది తగిలింది.

ఎవరో కూర్చొని మన పోలీసులను, దేవస్థానాన్ని ఎంచుకొని కొట్టిన దెబ్బ కాదిది. విండోస్‌లోని ఒక లోపాన్ని పట్టుకొని వైరస్ తనంతట తానే దారి వెతుక్కుంది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. వేసుకోనివాళ్లు, గడువు తీరిన పాత విండోస్ వాడేవాళ్లు ఇరుక్కున్నారు. ఇప్పుడు విండోస్ 10 వాడుతున్నవాళ్లు ఆ రెండో వరుసలోకి జరుగుతున్నారు.

ముందున్న దారులు నాలుగు

మొదటిది, ఏమీ చేయకుండా ఉండిపోవడం. క్రాక్ వేసిన విండోస్ అయితే ఇది ఇంకా ప్రమాదం. లైసెన్సు లేకుండా నడిపించే ఆ చిన్న ప్రోగ్రాములలోనే వైరస్ దాగి ఉండటం మామూలు.

రెండోది, ఏడాది గడువు పొడిగించుకోవడం. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు లేకుండానే దొరుకుతుంది. వ్యాపార సంస్థలకు రేటు వేరే. ఒరిజినల్ విండోస్ 10 ఉన్నవాళ్లు ఈ రోజే చేయదగిన పని ఇది. కానీ ఇది వాయిదా మాత్రమే, పరిష్కారం కాదు.

మూడోది, కొత్త కంప్యూటర్ కొనడం. చేతిలో డబ్బుంటే మంచిదే. రోజుకు నాలుగైదు వందలు మిగిలే షాపుకు ఇది నెలల సంపాదన.

నాలుగోది లైనక్స్.

ఫ్రీ అంటే నాసిరకమా?

'ఫ్రీగా ఇస్తారంట కదా భాయ్, బాగుంటుందా?' అని అడిగేవాళ్లు ఉన్నారు. ఇక్కడ ఫ్రీ అంటే ధర లేకపోవడం ఒక్కటే కాదు. లోపల ఏం రాసి ఉందో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు పంచొచ్చు. లైనక్స్ 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది కూడా లైనక్స్ కెర్నలే. అంటే మనం దీన్ని ఇప్పటికే రోజూ వాడుతున్నాం, కంప్యూటర్ మీద మాత్రం భయపడుతున్నాం.

కేరళ రాష్ట్రాన్ని చూడండి. 2001లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలైన పథకం, ఇప్పుడు కైట్ అనే ప్రభుత్వ సంస్థ, బడుల్లో కంప్యూటర్లను లైనక్స్ మీదే నడుపుతోంది. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు ఇలా చేయడం వల్ల 3,000 కోట్ల రూపాయల ఖర్చు తప్పుతుందని 2019లో ఆ సంస్థ చెప్పింది. డబ్బు కంటే పెద్ద సంగతి, వాళ్లు ముందు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలనూ దానికి తగ్గట్టు తయారు చేసుకున్నారు. మన దేశంలో జిల్లా కోర్టుల కంప్యూటరీకరణలో ఉబుంటు లైనక్స్ వాడారు. ఉబుంటు ఆధారంగా తయారైన 'మాయా' అనే సిస్టమ్‌కు రక్షణ శాఖ మారుతోందని 2023లో వార్తలొచ్చాయి.

అయితే అన్ని చోట్లా ఇదే కథ కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో నిర్ణయం తీసుకొని వేల కంప్యూటర్లను లైనక్స్‌కి మార్చింది. 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని తీర్మానం చేసింది. బయటి ఆఫీసుల ఫైళ్లతో, కొన్ని ప్రత్యేక సాఫ్ట్‌వేర్లతో పొసగలేదన్న ఫిర్యాదులు అప్పట్లో గట్టిగానే వినిపించాయి. కాబట్టి సిస్టమ్ ఎంత మంచిదైనా, మన పని దానిమీద జరుగుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మన దగ్గర ముడి ఎక్కడ పడుతుంది?

డీటీపీ దగ్గర పడుతుంది. తెలుగు కంపోజింగ్ అంటే మన ప్రెస్సుల్లో నేటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఉర్దూ అంటే ఇన్‌పేజ్. మన ప్రెస్సుల్లో ఇవన్నీ నడిచేది విండోస్ మీదే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, తయారుచేసిన కంపెనీయే దాన్ని వదిలేసింది. అయినా ఆపరేటర్ల చేతులు దానికే అలవాటు పడ్డాయి. పాత పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు అన్నీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. అనులో కొట్టిన అక్షరాలు యూనికోడ్ కాదు. అవే ఫోన్‌లోకి పంపితే పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. ఈ సంగతి వాట్సాప్‌లో మేటర్ పంపుకునే ప్రతి ఆపరేటర్‌కీ తెలుసు.

ఇంకా ఉన్నాయి. దుకాణాల లెక్కలు రాసే ట్యాలీ కంప్యూటర్‌లో వేసుకోవాలంటే విండోస్ కావాలి. వేలిముద్ర తీసుకునే ఆధార్ పరికరాల సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో పనిచేస్తుందో లేదో ముందే తయారీదారును అడిగి తెలుసుకోవాలి. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత లేజర్ ప్రింటర్ల డ్రైవర్లు లైనక్స్‌లో కొంచెం తిప్పలు పెడతాయి.

మరి ఎవరు మారాలి?

ఇంట్లో కంప్యూటర్ మీద చేసేది బ్రౌజింగ్, యూట్యూబ్, పిల్లల చదువు, ఈమెయిల్, ఒకటి రెండు లెటర్లు టైప్ చేసుకోవడం అయితే, మెషీన్ విండోస్ 11కి పనికిరానిదైతే, మారండి. ఆలోచించాల్సిన పని లేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ లైనక్స్‌లో ఉన్నాయి. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రెఆఫీస్ ఉంటుంది. ఇంజినీరింగ్, ఎంసీఏ చదివే పిల్లలకైతే లైనక్స్ తెలియడం ఉద్యోగానికీ పనికొస్తుంది.

ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు అయితే సగం మారండి. బ్రౌజర్‌లో జరిగే పనులు, ఆధార్, పాస్‌బుక్ లాంటి జనం కాగితాలు లైనక్స్ వైపు ఉంచండి. వేలిముద్ర పరికరం, ట్యాలీ, డీటీపీ ఉన్న మెషీన్ విండోస్‌లోనే ఉండనీయండి, కానీ దాన్ని ఇంటర్నెట్‌కు వీలైనంత దూరంగా పెట్టండి. మెషీన్ ఒకటే ఉంటే రెండు సిస్టమ్‌లూ అందులోనే పక్కపక్కన వేసుకోవచ్చు. ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు.

పూర్తిగా డీటీపీ మీద బతికే ప్రెస్సు అయితే ఇప్పుడే మారొద్దు. కానీ కొత్త మేటర్‌ను యూనికోడ్‌లో కొట్టడం మొదలుపెట్టండి. తెలుగుకు పోతన, వేమన, మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉంది. లైనక్స్‌లో తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్ కీబోర్డు లేఅవుట్ కూడా దొరుకుతుంది, అంటే దానికి అలవాటు పడ్డ వేళ్లు కొత్తగా నేర్చుకోవాల్సిన పని తక్కువ. పాత ఫైళ్ల బందిఖానా నుంచి బయటపడితే, రేపు ఏ సిస్టమ్‌కైనా పోవచ్చు.

మారేముందు చేయాల్సినవి

ముందు ఫోటోలు, కాగితాలు, లెక్కలు వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోండి. ఇది చేయకుండా ఇంకేదీ ముట్టుకోవద్దు. తర్వాత లైనక్స్ మింట్ లాంటి సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, హార్డ్‌డిస్కులో ఏమీ మార్చకుండా దాని నుంచే నడిపి చూడొచ్చు. ప్రింటర్, స్కానర్, వైఫై, సౌండ్ అన్నీ పనిచేస్తున్నాయా చూడండి. 4 జీబీ ర్యామ్ ఉంటే మింట్ మామూలు పనులకు సరిపోతుంది. మింట్ 22 వెర్షన్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. రెండు మూడు రోజులు వాడి చూసి, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేయండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, లైనక్స్ వేశాం కదా అని అప్‌డేట్లు ఆపేస్తే అక్కడా అదే ప్రమాదం.

ప్రభుత్వం వంతు

ఇదంతా షాపువాడి ఒక్కడి మీద వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ప్రభుత్వ పథకాలకు వాడే పరికరాలు ఏ సిస్టమ్‌లోనైనా పనిచేయాలని ప్రభుత్వమే షరతు పెట్టాలి. 2022లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేశారు. ఆ మాట కాగితం దాటి కంప్యూటర్ మీదికి రావాలంటే తెలుగు, ఉర్దూ రెండింటిలో అప్లికేషన్లు యూనికోడ్‌లో ఉండాలి, బడుల్లో పిల్లలకు రెండు భాషల టైపింగూ నేర్పాలి. హైదరాబాద్‌లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో లైనక్స్ తేవడానికి ఏళ్ల తరబడి స్వచ్ఛందంగా పనిచేసింది. అలాంటి పనికి ప్రభుత్వం నుంచి చేయూత ఉంటే కేరళలో జరిగింది ఇక్కడ జరగకపోదు.

అప్పటిదాకా నిర్ణయం మన చేతిలోనే ఉంది. సొంత ఫోటోలు పోతే నష్టం మనదే. కానీ షాపు కంప్యూటర్‌లో ఉన్నవి ఊరి జనం ఆధార్ కార్డులు, పాస్‌బుక్‌లు. పింఛను కోసం వచ్చిన ఆ పెద్దావిడ విండోసా, లైనక్సా అని అడగదు. తన కాగితం భద్రంగా ఉంటుందని నమ్మి ఇస్తుంది. ఈ వారం ఒక పని చేయండి: మీ కంప్యూటర్‌కు చివరిసారి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూడండి. అక్కడ కనిపించే తేదీని బట్టే మీకు మిగిలిన టైమెంతో తెలుస్తుంది.