ఆ రాజీనామా మాది కాదు

ఇంటి లోను తీరకముందే, కూతురి పెళ్లి చేయకముందే, 54 ఏళ్ల మనిషి ‘వ్యక్తిగత కారణాల వల్ల’ ఉద్యోగం మానేశాడని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ కాగితం అతను రాసి ఉండడు. నాది నేను రాయలేదు. పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో 28 ఏళ్లు స్టోర్స్ చూశాను. ఒకరోజు భోజనాలయ్యాక హెచ్‌ఆర్ గదికి పిలిచారు. నా పేరు, ఎంప్లాయీ నంబరు, తేదీ అన్నీ టైపు చేసిన రాజీనామా బల్ల మీద ఉంది. ఖాళీగా ఉన్నది సంతకం చోటు ఒక్కటే.

‘మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ నీట్‌గా ఇచ్చేస్తాం సార్. టెర్మినేషన్ అయితే బయట ఎక్కడా తీసుకోరు, సెటిల్‌మెంట్ కూడా లేటవుతుంది’ అన్నాడు ఆ కుర్రాడు. మా అమ్మాయి ఈడు వాడు. వాణ్ని అని లాభం లేదు, లిస్టు పైనుంచి వచ్చింది. అందులో యాభై దాటినవాళ్లమే ఎక్కువ. సాయంత్రం కంపెనీ బస్సులు కదిలేలోపు తేల్చమన్నారు. సంతకం పెట్టాను. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరైనా పెడతారు.

ఆ సంతకం ఖరీదు ఎంతో చూడండి. కార్మికుణ్ని రిట్రెంచ్ చేస్తే కనీసం నెల రోజుల నోటీసు ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం లెక్కగట్టి పరిహారం చెల్లించాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పిందీ, దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతున్నదీ ఇదే. 28 ఏళ్లకు ఈ లెక్కన 420 రోజులు, అంటే 14 నెలల జీతం. అదే మనిషి తనంతట తాను రాజీనామా చేశాడంటే ఆ పద్దు కింద ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. నోటీసు లేదు, కారణం చెప్పాల్సిన పని లేదు. టైపు చేసిన కాగితం ఎందుకు సిద్ధంగా ఉంటుందో ఇక వేరే చెప్పాలా?

స్టోర్స్‌లో మాకొక నియమం ఉంటుంది. గడువు దగ్గరపడిన సరుకు ముందు బయటికి పోవాలి. కంపెనీలు దాన్నే మనుషులకూ వర్తింపజేస్తున్నాయి. చట్టం చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. ఒక విభాగంలో కార్మికులను తగ్గించాల్సి వస్తే, మామూలుగా అందరికంటే చివర చేరినవాణ్ని ముందు తీయాలి. పాతవాడి వంతు ఆఖరున రావాలి.

‘మీరు కార్మికులు కారు కదా, ఎగ్జిక్యూటివ్‌లు’ అంటారు. నిజమే, కొన్నేళ్ల కిందట మా హోదా మార్చి కొత్త కార్డులు ఇచ్చారు. జీతం కాస్త పెరిగింది. పని మాత్రం అదే: డ్రమ్ములు తూకం వేయించడం, బ్యాచ్ నంబర్లు రాయడం, ప్రొడక్షన్‌కి మెటీరియల్ ఇవ్వడం. చూడాల్సింది హోదా కాదు, చేసే పని అని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. కానీ ఆ మాట మన విషయంలో చెప్పించుకోవడానికి ఎన్నేళ్లు తిరగాలి? ఈ వయసులో మా దగ్గర లేనిది ఆ వ్యవధే.

ముప్పైలో ఉద్యోగం పోవడం కష్టమే. యాభై నాలుగులో పోతే వెనకటి సంపాదన కూడా తరిగిపోతుంది. గ్రాట్యుటీ ఆఖరి నెల వేతనం మీద లెక్క కడతారు. ఆ ఒక్క అంకెతోనే మొత్తం సర్వీసును గుణిస్తారు. చివరి నాలుగేళ్ల ఇంక్రిమెంట్లు పోతే 28 ఏళ్ల గ్రాట్యుటీ తగ్గినట్టే. ఈపీఎస్ పింఛను పూర్తిగా అందేది 58 నిండాకే. 50 దాటాక ముందుగా తీసుకోవచ్చు గానీ, ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం కోత పడుతుంది. అసలు ఆ పింఛనే ఎంతని? 15,000 రూపాయల జీతపు పరిమితి మీద లెక్క కాబట్టి, 30 ఏళ్లు చేసినవాడికైనా నెలకు 7,000 దాటదు.

పైగా కంపెనీ ఇచ్చిన మెడికల్ పాలసీ ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. మా ఆవిడకు షుగరు. కొత్తగా పాలసీ తీసుకుంటే, ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు క్లెయిము లేకుండా వెయిటింగ్ పెట్టవచ్చు.

వేరే ఉద్యోగం చూసుకోమంటారు. మేడ్చల్, శంషాబాద్ వైపు గోదాములు తిరిగాను. ‘మీ ఎక్స్‌పీరియన్స్‌కి మా జాబ్ చిన్నదైపోతుంది సార్’ అని మర్యాదగా సాగనంపుతారు. చివరికి దొరికేది కాంట్రాక్టరు పేరోల్ మీద సగం జీతం.

ప్రభుత్వాలకు ఈ వయసు విలువ తెలియక కాదు. తెలంగాణ 2021లో తన ఉద్యోగుల పదవీ విరమణ వయసును 61కి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2022లో 62 చేసింది. అక్కడ 62 దాకా పనికొచ్చే మనిషి, రోడ్డుకు ఇవతల ఫ్యాక్టరీలో 54కే పనికిరాకుండా పోతాడా?

ఖర్చు ఎక్కువైంది, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, మనుషులను తగ్గించక తప్పదు అని యాజమాన్యాలు అంటాయి. నిజమే కావచ్చు. అలాంటప్పుడు ఆ మాటే కాగితం మీద రాసి, ఇవ్వాల్సింది ఇవ్వండి. బీఎస్ఎన్ఎల్ 2019లో ఆ పని చేసింది. 50 దాటినవాళ్లకు వీఆర్ఎస్ ప్రకటించి, చేసిన ప్రతి ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిపోయిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం ఇస్తామంది. సుమారు 78 వేల మంది వెళ్లారు. అందరూ సంతోషంగా వెళ్లారని నేను అనను. కానీ చేయని సర్వీసుకూ ఒక విలువ ఉందని సర్కారు సంస్థే ఒప్పుకుంది. ప్రైవేటులో ఆ ఏళ్ల విలువ సున్నా.

మన పిల్లలు ఎంతోమంది పనిచేస్తున్న అమెరికాలో ఉద్యోగం తీసేయడం చాలా తేలిక. అక్కడ కూడా 1990 నుంచి ఒక నిబంధన ఉంది. 40 దాటిన ఉద్యోగిని పంపిస్తూ, వయసు వివక్ష మీద దావా వేయనని రాయించుకోవాలంటే కనీసం 21 రోజులు ఆలోచించుకోనివ్వాలి. గుంపుగా తీసేస్తుంటే 45 రోజులు. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. మాకు ఇచ్చింది ఒక్క పూట.

అందుకే రెండు రాష్ట్రాల కార్మిక శాఖలనూ, కేంద్రాన్నీ అడుగుతున్నాను. 50 దాటినవాళ్ల రాజీనామా 21 రోజుల తర్వాతే చెల్లాలి. ఆలోగా వెనక్కి తీసుకునే హక్కు ఉండాలి. ఒకే నెలలో అలాంటి రాజీనామాలు వరసగా వస్తే లేబర్ ఆఫీసరు ఆ కంపెనీకి వెళ్లి, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగాలి. రిటైర్మెంటుకు మిగిలిన ఏళ్లకు బీఎస్ఎన్ఎల్ లెక్కలో సగమైనా కట్టివ్వాలి. 58 దాకా కుటుంబాన్ని గ్రూపు మెడికల్ పాలసీలో ఉంచాలి, ప్రీమియం మేమే కట్టుకుంటాం. ఇందులో కంపెనీలు మూతపడేంత భారం ఏదీ లేదు.

చట్టం వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. హెచ్‌ఆర్ నుంచి పిలుపొస్తే వెళ్లండి, చెప్పింది వినండి, కాగితం అడిగి తీసుకోండి. ‘ఇంట్లో మాట్లాడి చెబుతాను’ అని లేచి రండి. పీఎఫ్, గ్రాట్యుటీ వాళ్ల దయ కాదు, సంతకం పెట్టకపోయినా అవి మీవే. ఆ తొందర వాళ్లది. మనం తీసుకోనక్కర్లేదు.