నేల మీద పాకే మొక్కలు... నల్లరేగడితో పేచీలు!

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు... ఈ వైపు ఇంటి ముందు కాస్త జాగా ఉంటే చాలు, గడ్డి గులాబీయో (అదే టేబుల్ రోజ్) వెడీలియానో పాకించాలనిపిస్తుంది. నర్సరీలో కళకళలాడిన మొక్క రెండు నెలలకే బోసిపోతే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. చాలాసార్లు తప్పు మొక్కది కాదు, మన నల్లరేగడిని పట్టించుకోకపోవడమే!

మధ్యలో కుళ్లిపోతోందా? రేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, వేళ్లకు గాలి ఆడదు. మడిని అర అడుగు ఎత్తు చేసి, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. పైమట్టి రెండంగుళాల లోతు వరకు ఆరాకే నీళ్లు పెట్టండి. రోజూ పైపు పట్టుకోకండి.

ఎండాకాలం మాడిపోతోందా? నేల నెర్రెలిస్తే వేళ్లు తెగుతాయి. మొక్కల మధ్య ఎండుటాకులో, వేరుశనగ పొట్టో రెండంగుళాల మందాన పరవండి. కాండానికి మాత్రం ఆనించొద్దు.

తుంగ దూరిందా? పైన పీకితే లాభం లేదు, గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది. నాటకముందే తవ్వి గడ్డలు ఏరేయండి. తర్వాత వచ్చిన ప్రతి మొలకనూ లేతగా ఉన్నప్పుడే గడ్డతో సహా తీయండి.

కొమ్మలకు తెల్లటి దూదిలా అంటుకుందా? అది పిండినల్లి. పత్తి చేలల్లో, దారి పక్క వయ్యారిభామ మీద కనిపించేదే! బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి కవర్లో కట్టి పారేయండి. మిగతావాటిని నీళ్లు వేగంగా కొట్టి కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వారానికోసారి, మూడు నాలుగు సార్లు చేయాలి. చీమల బారులుంటే వాటినీ ఆపండి, ఈ పురుగును మోసుకొచ్చేది అవే.

'మిరపకు తెచ్చిన మందు సగం డబ్బా మిగిలింది, అది కొట్టేస్తే పోలా?' అంటారా... అస్సలు వద్దు! పిల్లలు ఆడుకునేది, కోళ్లు తిరిగేది ఆ నేల మీదే. పొన్నగంటి, గంగవాయిలి కూడా పాకేవే, కూరకు కోసుకునేవే. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. చేను మందు గడప దాటి రాకూడదు. ఇంట్లో ఉంటే పిల్లలకు అందకుండా తాళం వేయండి.

కొత్తగా నాటాలనుకుంటే తొలకరి పడ్డాక మొదలుపెట్టండి. ఈలోపు మడి ఎత్తు చేసుకుని, తుంగ గడ్డలు ఏరుకుంటే సగం పని అయిపోయినట్టే!